నీరు తీసే వేళ

గోదావరి మొగలోని మడ అడవిని కెమెరాతో చూడాలంటే చిన్న పడవ కావాలి, నీటి లెక్క తెలిసిన సరంగు కావాలి, ఆగే ఓపిక కావాలి.

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద రోజూ వేలమంది తిరుగుతుంటారు. చొల్లంగి దాటాక ఎడమ చేతి వైపు చెరువులు, వాటి వెనక పొట్టి చెట్ల బారు కనబడతాయి. బస్సు కిటికీలోంచి చూసినవాళ్ళు అదేదో సరుగుడు తోట అనుకుని తల తిప్పేసుకుంటారు. ఆ బారు వెనక 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు కోరంగి అభయారణ్యం ఉంది. గోదావరి సముద్రంలో కలిసేముందు మోసుకొచ్చిన ఒండ్రంతా దించేసే చోటు అది. నేల ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ మొదలైందో అక్కడ రోజుకి నాలుగుసార్లు మారిపోతుంది.

చేపలు పట్టి తినే బావురుపిల్లి, కుటుంబంతో సహా వేటకెళ్ళే నీటికుక్క, శీతాకాలంలో ఉత్తరాది నదుల నుంచి వచ్చే ఇండియన్ స్కిమ్మర్, సైబీరియా నుంచి దిగే ఉల్లంకులు, గుడ్లు పెట్టడానికి ఇసుక మీదికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు. ఇన్నిటికీ ఒక్క తీరం ఇల్లు కావడం దేశంలోనే అరుదు. అది మన గుమ్మంలో ఉండీ మనకు తెలిసింది తక్కువ. కెమెరాలు కొని రణథంబోర్ దాకా, మసాయిమారా దాకా పోయే తెలుగువాళ్ళు ఇప్పుడు వందల్లో ఉన్నారు. వాళ్ళలో కోరంగి పాయల్లో ఒక్క తెల్లవారుజామైనా గడిపినవాళ్ళు ఎంతమంది?

అభయారణ్యంలో వేసిన చెక్క వంతెన మీద నడిచొచ్చి కోరంగి చూశామనుకునేవాళ్ళే ఎక్కువ. ఆ వంతెన మంచిదే. పిల్లలకి మడ చెట్టు వేళ్ళు దగ్గరగా చూపించడానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు. కానీ అసలు కోరంగి వంతెన అయిపోయిన చోట మొదలవుతుంది. అక్కడి నుంచి పడవే దారి.

ఏడు సాగరాల దారిలో

ధవళేశ్వరం దిగువన చీలిన గోదావరిలో గౌతమి పాయ యానాం మీదుగా సముద్రానికి పోతుంది. పోతూ పోతూ కోరంగి, గాడేరు అనే చిన్న పాయలను కాకినాడ అఖాతం వైపు వదులుతుంది. మడ అడవంతా ఈ పాయల చుట్టూ, వాటి నుంచి చీలిన లెక్కలేనన్ని కాలువల చుట్టూ అల్లుకుంది. ప్రభుత్వం 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది. జనం మాత్రం అంతకు ఎంతో ముందే దీన్ని పుణ్యక్షేత్రం చేసుకున్నారు. పుష్య బహుళ అమావాస్యని ఈ ప్రాంతంలో చొల్లంగి అమావాస్య అనే అంటారు. ఆ రోజు తుల్యభాగ సముద్రంలో కలిసే చోట స్నానం చేసి, అక్కడి నుంచి ఒక్కో పాయ మొగలో మునుగుతూ భీష్మ ఏకాదశి నాటికి అంతర్వేది చేరతారు. అదే సప్తసాగర యాత్ర. నది ఎక్కడెక్కడ ఎలా సముద్రంలో పడుతుందో కాలినడకన చూసి రావడానికి మన పెద్దలు వేసిన దారి అని నా నమ్మకం.

ఈ పాయలకి మరో చరిత్ర కూడా ఉంది. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. తాళ్ళరేవులో కర్ర ఓడలు కట్టేవారు. ఇక్కడ ఓడెక్కి రంగూన్‌కి కూలికి, వ్యాపారానికి పోయినవాళ్ళు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాళ్ళందరినీ ఊరూ వాడా చూడకుండా కోరంగీలు అనేసేవారు. 1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. మళ్ళీ అది లేవలేదు. ఇప్పుడు కోరంగి కాలువలో పడవ వెళుతుంటే ఓడల రేవు ఆనవాళ్ళేవీ కంటికి ఆనవు. గట్టు మీద తెల్ల మడ, నల్ల మడ, నీటిలోకి ఊడలు దింపిన పొన్న, అక్కడక్కడా ఎర్రబారిన ఆకులతో తిల్ల. తిల్ల పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమని పడవ వాళ్ళు కొమ్మల కింద నుంచి పోయేటప్పుడు తల వంచమని హెచ్చరిస్తారు.

ఆరుగురు చాలు

ఫొటోల కోసం పడవెక్కేవాళ్ళు ఎంతమంది ఉండాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆరుగురు దాటకూడదు. ముప్ఫై మంది పట్టే పడవలో ముప్ఫై మందినీ ఎక్కించి, పాటలు పెట్టి తిప్పితే విహారం అవుతుంది. కాదనను, దానికీ ఒక చోటుంది. ఆ పడవ వెళ్ళిన కాలువలో గంటసేపటి వరకు నీటికుక్క తల ఎత్తదు.

మా పడవలో హైదరాబాద్ నుంచి వచ్చిన దంపతులు, రాజమండ్రిలో పళ్ళ డాక్టరుగారు, విశాఖలో జంతుశాస్త్రం చదువుతున్న అమ్మాయి, కాకినాడ స్కూలు మాస్టారు, నేను. చుక్కాని దగ్గర సరంగు, ముందు గెడ పట్టుకుని ఆయన మేనల్లుడు. సరంగుకి అరవై దగ్గర పడ్డాయి. చిన్నప్పటి నుంచి ఈ పాయల్లో వల వేసిన మనిషి. అందరం ఆయన్ని బాబాయ్ అనే పిలిచాం. ఆయనకి ఫోకల్ లెంగ్త్ తెలియదు. వెలుతురు ఎటు నుంచి పడితే మా మొహాలు వికసిస్తాయో రెండు పూటల్లో కనిపెట్టేశాడు. తర్వాత చెప్పకుండానే పడవని సూర్యుడికి వీపు తిప్పి నిలబెట్టేవాడు.

చిన్న పడవ కావాలనడానికి కారణం చప్పుడు ఒక్కటే కాదు, ఎత్తు కూడా. జంతువుని దాని కంటి మట్టంలో తీస్తేనే ఆ బొమ్మకి ప్రాణం వస్తుంది. పై నుంచి తీస్తే వీపు కనబడుతుంది, చూపు కనబడదు. అడవిలో జీపు మీద నుంచి తీసే ఫొటోలకి ఉన్న పెద్ద లోపం ఇదే. కోరంగిలో ఆ ఇబ్బందిని నీరే తీరుస్తుంది. పాటు పట్టినప్పుడు కాలువలో మట్టం దిగిపోతుంది, దాంతో పాటు పడవా దిగుతుంది. బురద గట్టు మన భుజాల ఎత్తుకి వచ్చేస్తుంది. గట్టు మీద నిలబడ్డ పక్షి కన్ను, లెన్సు ఒకే గీత మీదికి వస్తాయి. పొట్ట మీద పాకి, బురదలో పడుకుని సాధించాల్సిన కోణం ఇక్కడ పడవ పీట మీద కూర్చునే దొరుకుతుంది. పెద్ద పడవ పై అంతస్తులో నిలబడితే అది పోయినట్టే.

అందుకే ఈ అడవిలో ఫొటోలకి మంచి వేళ గడియారం చెప్పదు. పోటుకీ పోటుకీ మధ్య పన్నెండున్నర గంటల దాకా పడుతుంది కాబట్టి ఏ రోజుకారోజు నీటి వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి దగ్గర మందగిస్తుంది. కాగితం మీద పట్టికలు ఉన్నాయి, ఫోన్లలో యాప్‌లు ఉన్నాయి. సరంగు మాత్రం తిథి అడిగి చెప్పేస్తాడు. ఎంత లోపలి కాలువలో ఎంత ఆలస్యంగా నీరు తీస్తుందో ఆయన చెప్పినంత కచ్చితంగా యాప్ చెప్పలేదు.

"ఆయ్, తొందరేం లేదండి. నీరు తీస్తంది. తీశాక అయ్యే వస్తాయండి" అన్నాడు మొదటి పూట, ఇంజను ఆపి గెడ దింపించి.

వచ్చాయి కూడా. నీరు దిగిన కొద్దీ గట్టు అడుగున తడి బురద బయటపడుతుంది. దాని మీద చిక్కుకున్న చిన్న చేపలు, పురుగులు, పీతల కోసం ముందు తెల్ల కొంగలు దిగుతాయి. వాటి వెనక నల్ల తల, నీలి రెక్కల లకుముకి పిట్ట వచ్చి వేరు మీద వాలుతుంది. నల్ల తల లకుముకి ఇప్పుడు అంతర్జాతీయంగా ముప్పు జాబితాలో ఉన్న పక్షి. శీతాకాలం కోరంగిలో అది పలకరించని పూట ఉండదు. నల్లటి బురద మీద తెల్ల కొంగని తీసేవాళ్ళకి ఒక మాట: కెమెరా మీటరుని నమ్మితే కొంగ ఈకలన్నీ తెల్లగా మాడిపోతాయి. ఎక్స్‌పోజరు ఒకటి, ఒకటిన్నర స్టాపులు తగ్గించండి. పడవ ఊగుతూనే ఉంటుంది కాబట్టి త్రిపాది పనికిరాదు. పడవ అంచు మీద బియ్యం నింపిన గుడ్డ సంచి వేసి లెన్సు ఆనించడం అన్నిటికంటే మేలు.

బురదలో కొలువు

అందరి కళ్ళూ పెద్ద జంతువు కోసం వెతుకుతుంటే విశాఖ అమ్మాయి మాత్రం పడవ అంచున గడ్డం ఆనించి బురదనే చూస్తూ కూర్చుంది. ఆమె వల్ల మేమంతా మడ్‌స్కిప్పర్లని చూశాం. జానెడు కూడా లేని చేప. కళ్ళు నెత్తి మీద ఉంటాయి. నీటిలోంచి బురద మీదికి రొమ్ము రెక్కలు ఊతంగా పాకుతూ వస్తుంది. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపు చర్మంతో, నోటి లోపలి పొరతో గాలి పీలుస్తుంది. ఎండకి ఆరిపోతున్నట్టనిపిస్తే పక్కకి ఒత్తిగిలి బురద పూసుకుంటుంది. కళ్ళు ఆరితే వాటిని గుంటల్లోకి లాగి తడిపి మళ్ళీ పైకి తెస్తుంది. ఒక దాని హద్దులోకి ఇంకోటి వచ్చింది. రెండూ నోళ్ళు తెరిచి, వీపు మీది రెక్కని నిలువునా విప్పి ఎదురెదురుగా నిలబడ్డాయి. ఆ రెక్క అంచున చుక్కలు చుక్కలుగా రంగు. మూడడుగుల దూరంలో ఆరు కెమెరాలు టకటకమంటున్నా వాటికి పట్టలేదు. వాటి లోకంలో మేం లేము.

ఆ పక్కనే ఎర్ర పీతలు. మగ పీతకి ఒక డెక్క ఒంటి సైజంత ఉంటుంది. దాన్ని పైకెత్తి ఊపుతూ ఆడ పీతని పిలుస్తుంది, పొరుగు మగదాన్ని బెదిరిస్తుంది. పడవ నీడ పడితే చాలు, క్షణంలో గట్టంతా ఖాళీ. కదలకుండా కూర్చుంటే కాసేపటికి ఒక్కొక్కటే కన్నంలోంచి కళ్ళు పైకి పెడతాయి.

ఈ బురద మామూలు బురద కాదు. ప్రాణవాయువు దాదాపు అందని మట్టి, పైగా ఉప్పు. అందుకే మడ చెట్టు వేళ్ళని నేల మీదికి పంపి గాలి పీల్చుకుంటుంది. గట్టు నిండా నిలువుగా పొడుచుకొచ్చిన పుల్లలన్నీ దాని శ్వాస వేళ్ళే. పీల్చిన ఉప్పుని ఆకుల మీది గ్రంథుల నుంచి బయటికి నెడుతుంది. తెల్ల మడ ఆకుని నాలుకకి రాసి చూడండి, తెలుస్తుంది. పొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, జానెడుకి పైగా పొడుగు సాగి, అప్పుడు బురదలోకి జారి నాటుకుంటుంది. నీరు ఎత్తుకుపోయే నేలలో విత్తనంగా పడితే నిలవదు కదా. రాలిన ఆకు కుళ్ళి పురుగుకి మేత, పురుగు రొయ్య పిల్లకి మేత, రొయ్య పిల్ల పండుగప్పకి మేత. కాకినాడ మార్కెట్‌లో మనం బేరమాడే చేపల్లో, రొయ్యల్లో, మడ పీతల్లో ఎన్నో తమ చిన్నతనం ఈ వేళ్ళ మధ్య గడిపి వచ్చినవే. మడ అడవిని ఫొటో తీస్తున్నామంటే ఈ మొత్తం వంటిల్లుని తీస్తున్నామని అర్థం.

నీటికుక్కల కుటుంబం

గాడేరు వైపు తిరిగే చోట ఒక గట్టు మీద వెండి పొడి చల్లినట్టు మెరుపు. దగ్గరికెళితే చేప పొలుసులు, పీత చిప్పల ముక్కలు. నీటికుక్కలన్నీ ఒకే చోట విసర్జించే అలవాటు ఉన్న జంతువులు. అది వాటి హద్దు గుర్తు, ఒకదానికొకటి వదిలే కబురు కూడా. సరంగు చెయ్యి పైకెత్తాడు. పడవ ఎదుటి గట్టు పక్కన, పొన్న ఊడల నీడలో ఆగింది.

ఈల వినబడింది ముందు. తర్వాత వరసగా తలలు. దక్షిణాసియాలో ఉండే నీటికుక్కల్లో పెద్దది ఇదే, నున్నని బొచ్చు, చదునైన తోక. పెద్దవి కాలువకి అడ్డంగా బారు తీరి చేపల్ని గట్టు వైపు తరిమాయి. ఒకటి దొరికిన చేపని ముందు కాళ్ళతో పట్టుకుని తల నుంచి మొదలుపెట్టి కరకరా నమిలింది. పిల్లలు రెండు దాని నోటి దగ్గరికి వచ్చి అరుస్తుంటే తోక భాగం వదిలేసింది. ఎముక విరిగే చప్పుడు మా దాకా వినబడింది. మాస్టారు ఆ పూట ఒక్క వేట దృశ్యం మీదే షట్టరు సెకనులో 2000వ వంతుకి పెట్టి ఆపకుండా తీశారు. తర్వాత తెరమీద చూస్తే అన్నిటికంటే బాగున్నది మొదట్లో తీసిన ఒకటే: నాలుగు తలలు, నాలుగూ వేర్వేరు వైపు చూస్తూ, వెనక మడ వేళ్ళు మసకగా.

నీటికుక్కలు వలలు చింపేస్తాయని మత్స్యకారులకి వాటి మీద కోపం ఉంది. ఆ నష్టం నిజం. ఒక వల ఖరీదు ఎన్ని రోజుల రాబడో వాళ్ళకే తెలుసు. ఫొటో తీసుకుని పోయే మనం వాటిని ముద్దుగా చూసినంత తేలిక కాదు, వాటితో ఒకే కాలువని పంచుకోవడం. మా సరంగు మాత్రం ఇప్పుడు అవి ఎక్కడ తిరుగుతున్నాయో రోజూ గమనిస్తాడు. వాటిని చూపిస్తే పడవకి గిరాకీ ఉంది. జంతువు బతికి ఉండటం వల్ల ఊరి మనిషి జేబులోకి నాలుగు డబ్బులు వస్తే, దాన్ని కాపాడే పని సగం అయినట్టే.

బావురుపిల్లి అచ్చులు

ఈ అడవికి పేరు తెచ్చిన జంతువు బావురుపిల్లి. ఇంటి పిల్లికి రెండింతలు ఉంటుంది. బూడిద రంగు ఒంటి మీద బారులు బారులుగా నల్ల మచ్చలు, పొట్టి తోక, పొట్టి చెవులు. నీటిలోకి దూకి చేపని పట్టే పిల్లి. వేళ్ళ మధ్య కొద్దిగా పొర ఉంటుంది. దాని బొచ్చు రెండు పొరలు. లోపలి పొర దట్టంగా ఉండి నీటిని చర్మం దాకా పోనివ్వదు. ప్రపంచవ్యాప్తంగా ముప్పులో ఉన్న జాతి. మన వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో ఉంది. 2018 లెక్కింపులో కోరంగిలో 115 బావురుపిల్లులు ఉన్నట్టు తేలింది. తెలుగు తీరానికి ఇది చిన్న గౌరవం కాదు.

ఇవి ఎక్కువగా రాత్రిళ్ళు తిరుగుతాయి. రాత్రిపూట అభయారణ్యంలో మనకి పని లేదు. అందుకే లోకం చూసిన బావురుపిల్లి ఫొటోల్లో చాలా భాగం చెట్లకి కట్టిన కెమెరా ట్రాపులు తీసినవి. పడవలో వెళ్ళేవాళ్ళకి ఉన్న అవకాశమల్లా తెల్లవారుజామునో, పొద్దు వాలాకో పాటు పడిన రోజు. అలాంటి ఒక ఉదయం, మంచు ఇంకా విడవక ముందు, సరంగు మేనల్లుడు గెడతో బురద వైపు చూపించాడు. అచ్చులు. కుక్కవి కావు, ఇంటి పిల్లివీ కావు. ఈ పిల్లి గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. అందుకే ప్రతి వేలి అచ్చుకీ ముందు సన్నని పోటు. బురద మెత్తగా ఉన్న చోట వేళ్ళ మధ్య పొర కూడా ముద్ర పడింది. అచ్చుల్లోకి ఇంకా నీరు ఊరుతోంది. అంటే అది వెళ్ళి ఎంతోసేపు కాలేదు.

చూశాం కూడా. కాలువ అవతలి వంపులో, చాలా దూరాన, నీటి అంచున కూర్చుని ఉంది. కదలిక లేదు. నీటి వైపే చూస్తోంది. డాక్టరుగారు మెల్లగా "ఇంకొంచెం దగ్గరికి పోనిస్తావా బాబాయ్" అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దండి. మనం పోతే ఆకలితో పోద్దండి అది." దానికి ఎవరూ బదులు చెప్పలేదు. 600 ఎం.ఎం. లెన్సులో కూడా అది ఫ్రేములో వేలి గోరంత. మిగతా అంతా బురద, శ్వాస వేళ్ళు, మంచు, నీటిలో చెట్ల నీడ.

ఆ ఫొటో చూసి "జూమ్ చేయలేకపోయారా" అని అడిగినవాళ్ళున్నారు. నా మటుకు ఆ ప్రయాణంలో వచ్చిన మంచి ఫొటో అదే. మొహం మాత్రమే నింపిన పిల్లి ఫొటో ఎక్కడైనా తీయొచ్చు, జూలో కూడా. ఆ పిల్లి ఎందుకు బతికి ఉందో ఆ ఫొటో చెప్పదు. దూరపు ఫ్రేములో చెప్పడానికి చోటుంది: ఇంత బురద, ఇన్ని చెట్లు, ఇంత నిశ్శబ్దం ఉంటేనే ఒక్క పిల్లికి కడుపు నిండుతుంది. కొత్తగా లెన్సు కొన్న ప్రతివాళ్ళూ జంతువుని ఎంత పెద్దగా చేయాలా అని చూస్తారు. కోరంగిలో కొన్ని పూటలైనా దాన్ని చిన్నగా ఉండనివ్వండి.

హోప్ ఐలాండ్ మీద గాలి

కాలువలు దాటి అఖాతంలోకి వస్తే లోకమే మారిపోతుంది. ఎదురుగా సన్నగా, పొడుగ్గా పదిహేను కిలోమీటర్ల పైన సాగిన ఇసుక తిన్నె. అదే హోప్ ఐలాండ్. గోదావరి ఒండ్రుని అలలు మళ్ళీ మళ్ళీ ఉత్తరానికి తోసి గడిచిన రెండు వందల ఏళ్ళలో కట్టిన తిప్ప. కాకినాడ రేవుకి సముద్రపు పోటు నేరుగా తగలకుండా అడ్డం ఉన్నది ఇదే. దీని లోపలి వైపు లోతు తక్కువ. పాటు పడితే మైళ్ళ కొద్దీ బురద మేటలు తేలతాయి. కుంభాభిషేకం అనే చోటి వైపు తీరంలో శీతాకాలం ఉదయం ఈ మేటల మీద వేల పక్షులు ఉంటాయి. పొడుగు ముక్కు వంపు తిరిగిన కర్ల్యూ, గాడ్‌విట్, ఇసుక రంగు ప్లోవర్లు, సైబీరియా నుంచి వచ్చే గ్రేట్ నాట్. ఆసియా ఖండపు అవతలి అంచు నుంచి వచ్చి ఇక్కడ పురుగులు, నత్తలు తిని కొవ్వు పట్టించుకుని తిరిగి ఎగురుతాయి.

ఇండియన్ స్కిమ్మర్‌కి కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు. నీటి మీద తాకీ తాకనట్టు ఎగురుతూ కింది ముక్కుతో నీటిని చీలుస్తూ పోతుంది. చేప తగిలితే ముక్కు మూసుకుంటుంది. వేసవిలో చంబల్, మహానది వంటి నదుల ఇసుక దిబ్బల మీద గుడ్లు పెట్టి, చలికాలానికి కాకినాడ తీరం చేరతాయి. 2020లో అంతర్జాతీయ సంస్థలు వీటిని తీవ్ర ముప్పున్న జాతుల్లోకి మార్చాయి. ఇసుక కొసన గుంపంతా గాలికి ఎదురుగా ఒకే వైపు తిరిగి కూర్చుంటుంది. రెక్కలు విప్పిన గుంపు ఫొటో కోసం పడవని వాటి మీదికి పోనిచ్చేవాళ్ళని చూశాను. ఆ ఒక్క ఎగురుడుకి అవి పోగొట్టుకునే బలం, మేతకి ఉన్న నాలుగు గంటల్లో పోయే సమయం ఎవరు తిరిగిస్తారు? ఆగితే అవే లేస్తాయి. గరుడ పక్షి ఒకటి పై నుంచి వెళ్ళినా లేస్తాయి. మా పడవలో దంపతులకి దొరికింది అలాంటి ఫ్రేమే.

జనవరి నుంచి ఈ తిప్ప మీద, దక్షిణాన శాక్రమెంటో లంక మీద ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. రాత్రివేళ తల్లి ఒడ్డెక్కి వెనక కాళ్ళతో గొయ్యి తవ్వి వంద పైన గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడిని బట్టి పుట్టేది ఆడదో మగదో తేలుతుంది. పిల్లలు వెలుతురు ఉన్న వైపే నడుస్తాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రానిది. టార్చి వేసినా, ఫ్లాష్ కొట్టినా అది మనది అవుతుంది. గుడ్లు పెట్టే తాబేలుని ఫ్లాష్‌తో తీయడం నేరమే అని నేనంటాను. అటవీ సిబ్బంది పిల్లల్ని వదిలే చోట సాయంత్రపు వెలుగులో తీయండి, చాలు.

అదే తీరంలో ప్రతి చలికాలం చచ్చిన తాబేళ్ళు కూడా కొట్టుకొస్తాయి. ట్రాలరు వలల్లో చిక్కుకుని ఊపిరాడక పోయినవే ఎక్కువ. తాబేలు బయటపడే కిటికీ ఉన్న వల వాడాలని నిబంధన ఉంది. అమలు చేసినంతవరకే అది నిబంధన. ఫొటోగ్రాఫర్లు ఆ చచ్చిన తాబేలుని కూడా తీయాలి. తేదీ, చోటు రాసి అటవీ శాఖకి పంపాలి. అందమైన ఫొటోలకి వచ్చే లైకుల కంటే దానికి పని ఎక్కువ.

కరిగిపోతున్న అంచు

ఎగువన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోవడంతో డెల్టా అంచు చాలాచోట్ల సముద్రం పాలవుతోంది. కాకినాడకి ఉత్తరాన ఉప్పాడలో ఇళ్ళు, రోడ్లు కోతకి పోవడం ఏటా చూస్తున్నదే. చెరువుల వైపు నుంచి అడవి అంచుకి వచ్చే ఒత్తిడి వేరే. అయినా కోరంగి కథలో ఆశ ఉంది. నీరు అందక ఎండిన చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు లోపలికి వచ్చేలా చేసి మడ మొక్కలు నాటారు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, తీరం ఊళ్ళ వన సంరక్షణ సమితులు కలిసి చేసిన పని ఇది. ఇప్పుడు ఆ చెట్ల కిందికి పీతలు తిరిగొచ్చాయి. 1996 నవంబరు 6 తుపానుకి భైరవపాలెం, బలుసుతిప్ప ఎంత కోల్పోయాయో ఇంకా చెప్పగలిగే మనుషులున్నారు. ఊరికీ సముద్రానికీ మధ్య అడవి ఉండాలని వాళ్ళకి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

వెళ్ళదలచినవాళ్ళకి కొన్ని మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. కాకినాడలో బస చేస్తే కోరంగి 20 కిలోమీటర్ల లోపే. అభయారణ్యం లోపల ఫొటోలకి అటవీ శాఖ అనుమతి అవసరం. అనుమతి లేకుండా డ్రోను ఎగరేయొద్దు. పక్షి కూత రికార్డు పెట్టి పిలవొద్దు, చేప ఎర వేయొద్దు. లెన్సులకి ఉప్పు గాలి శత్రువు. రోజూ సాయంత్రం తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఊళ్ళో మనిషి పడవే మాట్లాడుకోండి. బేరం గట్టిగా ఆడకండి. ఆయన అమ్ముతున్నది రెండు గంటల డీజిలు కాదు, నలభై ఏళ్ళ నీటి లెక్క.

చివరగా, తిరిగొచ్చాక. బావురుపిల్లి ఏ కాలువ మలుపులో కనబడిందో, స్కిమ్మర్ల గుంపు ఏ ఇసుక కొసన కూర్చుందో ఫొటో కింద రాయకండి. ఫోనులో లొకేషన్ ఆపేసి పెట్టండి. మీ ఫొటో చూసి మనసుపడ్డవాళ్ళు ఎవరైనా చోటు అడిగితే, కోరంగి అని చెప్పండి, సరంగుని అడగమనండి. మిగతాది ఆయనకి తెలుసు.